పెంటకుప్పలోని గని

ప్రొద్దెక్కునప్పటికి మన వీథులలో వినవచ్చు కేకలలో పాతసామానులవాని కేక యొకటి. పూర్వము తన గొంతుతోనే అరచుచు వచ్చువాడు. ఇప్పుడు ఆ కేకను యంత్రములో నింపి బండికి కట్టుకొని వచ్చుచున్నాడు. కేక విన్నంతనే ఇల్లాలు అటకమీదినుండి అడుగు చిల్లిపడిన సత్తుగిన్నెను, పిడి యూడిన కుక్కరును దింపి వాకిటికి తెచ్చును. త్రాసు సరిగా లేదని ఒక వాదము, నిన్న పొరుగింటివారికి ఇచ్చిన ధర నేడు మాకేల ఈయవని మఱియొక వాదము. పావుగంట బేరమైన పిమ్మటగాని గిన్నె బండి యెక్కదు. ఆ రాత్రియే అదే యింటికి భోజనశాలనుండి రొట్టెలు వచ్చును. వానిని చుట్టిన తళతళలాడు రేకు, కూర తెచ్చిన పెట్టె, పిల్లలు త్రాగిన పానీయపు డబ్బా, అన్నియు మిగిలిన మెతుకులతో గూడ చెత్తబుట్టలో బడును. వానికై బేరమాడువారు లేరు. ఒక్క నిమిష మాలోచించువారును లేరు.

గిన్నెయు, రేకును, పెట్టెయు, డబ్బాయు ఒకే లోహము. పల్లెలలో దానిని సత్తు అందురు, తెలంగాణమున సిల్వరందురు, శాస్త్రజ్ఞులు అల్యూమినియమందురు. ఒకే లోహమై యుండియు ఒకటి త్రాసు నెక్కుచున్నది, రెండవది పెంట నెక్కుచున్నది. ఈ భేదము చిన్నదిగా కనబడునుగాని, దేశమునకు దీనివలన కలుగు నష్టము చిన్నది కాదు. నష్టముతోబాటు మన వంటయింటికే తిరిగివచ్చు ప్రమాద మొకటి గలదు. ఈ రెంటిని గూర్చియు పాఠకమహాశయులకు మనవి చేయ నుద్దేశించినాము.

భూమి పైపొరలో అల్యూమినియమంత సమృద్ధిగానున్న లోహము వేఱొకటి లేదు. ఐనను అది బంగారమువలె విడిగా దొరకదు. మన్నుతో, ప్రాణవాయువుతో గట్టిగా పెనవేసికొని యుండును. 1825లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడగు అయిర్‌స్టెడ్ దీనిని మొదటిసారి వేఱుచేసెను. ఫ్రాన్సు చక్రవర్తియైన మూడవ నెపోలియను కాలమున ఇది యెంత ప్రియమైన లోహమనగా, విందులలో ముఖ్యాతిథులకు మాత్రమే అల్యూమినియపు చెంచాలుంచి తక్కినవారికి బంగారు చెంచాలు పెట్టెడివారని ఒక కథ ప్రచారములో నున్నది. 1886లో అమెరికాలో హాల్ అను యువకుడును, ఫ్రాన్సులో హెరూ అను యువకుడును, ఒకరి సంగతి ఒకరెఱుగకయే, విద్యుచ్ఛక్తితో ఈ లోహమును తీయు ఉపాయమును కనిపెట్టిరి. ఆ తరువాత కొలది యేండ్లలోనే దాని ధర పడిపోయినది. రాజుల బల్లమీది వస్తువు కూలివాని సద్దిడబ్బా అయినది.

ధర పడినదేగాని, దానిని తీయుటకగు శ్రమ మాత్రము నేటికిని తగ్గలేదు. సుమారు నాలుగు టన్నుల బాక్సైటు రాతిని త్రవ్వి, దానినుండి రెండు టన్నుల అల్యూమినా పొడిని తీసి, ఆ పొడిని విద్యుత్తుతో విడగొట్టినగాని ఒక టన్ను లోహము రాదు. ఒక్క కిలో లోహమునకు ఇంచుమించు 14 యూనిట్ల విద్యుత్తు పట్టును. మన దేశమున ఆ విద్యుత్తు అధికముగా బొగ్గునుండియే వచ్చుచున్నది. అల్యూమినా తీయగా మిగులు ఎఱ్ఱబురద, తీసిన అల్యూమినాతో ఇంచుమించు సమానమైన తూకముగల క్షారపదార్థము, చెఱువులుచెఱువులుగా నిలిచిపోవును. ఒకసారి తీసిన లోహమును మరల కరగించుటకో, 660 డిగ్రీల వేడి చాలును. క్రొత్తలోహము తీయుటకగు శక్తిలో ఇరువదవవంతు మించి పట్టదు. ఇనుమువలె ఇది త్రుప్పుపట్టి మన్నైపోదు. ఎన్నిసార్లు కరగించినను లోహము లోహముగనే యుండును. నేటివఱకు ప్రపంచమున తీసిన అల్యూమినియములో ఇంచుమించు ముప్పాతికవంతు ఇంకను ఏదో యొక రూపమున వాడుకలోనే యున్నదని ఆ పరిశ్రమవారి అంచనా. అనగా, అల్యూమినియమును చెత్తలో పారవేయుట యనగా లోహమును మాత్రమే పారవేయుట గాదు. దానిలో ఇమిడియున్న కొండరాతిని, బొగ్గును, విద్యుత్తును గూడ పారవేయుటయే.

ఈ లోహము మన యిండ్లకు వచ్చిన చరిత్ర దక్షిణదేశపు పరిశ్రమల చరిత్రలో ఒక ముఖ్యఘట్టము. 1898లో చెన్నపట్టణపు స్కూల్ ఆఫ్ ఆర్ట్సునందు ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ దొర అల్యూమినియపు పాత్రలు చేయించుట కారంభించెను. రేకు పరదేశమునుండి వచ్చినను పని మన కంచరుల చేతులమీదుగా జరిగెను. కొన్ని యేండ్లకు ఆ పని ప్రభుత్వమునుండి ఒక కంపెనీ చేతికి పోయెను. ఇత్తడి, రాగి పాత్రలకు ఏటేట కళాయి పెట్టింపవలెను. లేనిచో చిలుమెక్కి పులుసు విషమగును. క్రొత్తగిన్నెకు ఆ బాధ లేదు; తేలిక, చౌక. కావుననే అది పట్టణములనుండి పల్లెలకు ప్రాకినది. 1943లో తిరువాన్కూరు సంస్థానమున ఆల్వాయి చెంత మన దేశములో మొదటిసారి లోహమునే తీయుట మొదలైనది. స్వాతంత్ర్యానంతరము 1960వ దశాబ్దమున మన పైసలను గూడ ఈ లోహముతోనే ముద్రించిరి. 25 పైసలును, అంతకు తక్కువవియునగు నాణెములు 2011 జూన్ 30తో చెలామణినుండి తొలగినవి. నేటికిని ఏ ముసలమ్మ పెట్టె తెరచినను అడుగున ఆ తేలిక నాణెములు నాలుగైన కనబడును. చెల్లని కాసును గూడ దాచుకొను జాతి మనది. అట్టి మనమే నేడు చెల్లుబాటగు లోహమును దినదినము పారవేయుచున్నాము.

ఈ రాయి యెచ్చటిదో తెలిసికొన్నచో విషయపు గౌరవము మన కింకను బాగుగ బోధపడును. తూర్పుకనుమల శిఖరములపై ఒడ్రదేశమునుండి విశాఖమన్యము వఱకు బాక్సైటు పొర పరచుకొని యున్నది. ఒడిశాలో దామన్‌జోడి చెంత కొండను త్రవ్వి తీసిన అల్యూమినా రైలుపై దిగి మన విశాఖపట్టణపు రేవునుండి విదేశములకు పోవుచున్నది. మన వైపున అరకు, చింతపల్లి, జెర్రెల ప్రాంతముల కొండలలోను ఆ రాయియే కలదు. 1922 ఆగస్టు 22వ తేదీన అల్లూరి సీతారామరాజు తన అనుచరులతో పోలీసుఠాణాపై బడి తుపాకులు తీసికొనిన చింతపల్లి యిదియే. అడవిపై తమ హక్కునకై ఆనాడు ప్రాణములొడ్డిన వారి సంతతివారే నేడును ఆ కొండలపై కాఫీ, మిరియము, పసుపు పండించుకొనుచున్నారు. కొండతలను త్రవ్వినచో తమ ఊటలెండిపోవునని వారి మొర. షెడ్యూల్డు ప్రాంతములలోని భూములను గనులకై గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు కౌలు కీయరాదని 1997లో సుప్రీముకోర్టు సమతా వ్యాజ్యమున తీర్పు చెప్పెను. 2015లో జెర్రెల కొండల త్రవ్వకమునకై వెలువడిన ఉత్తర్వు మన్యమంతట ఆందోళన రేపి, చివరకు 2019లో రద్దయ్యెను.

ఇంటి చెత్తను ఏరినంతమాత్రమున కొండలు నిలుచునని మేమనము. అట్లనుట పాఠకులను వంచించుటయే యగును. విద్యుత్తీగలకు, రైలుపెట్టెలకు, వాహనములకు, కిటికీలకు ఈ లోహపు అవసరము ఏటేట పెరుగుచునే యున్నది. అయితే ఒకటి మాత్రము నిశ్చయముగ చెప్పవచ్చును. తిరిగి కరగించిన ప్రతి టన్ను లోహమునకు నాలుగు టన్నుల రాయి కొండమీదనే నిలుచును. కొండలనుగూర్చి గిరిజనునితో వాదింపబోవు ముందు, మన పెంటకుప్పలోని గనిని మనము త్రవ్వుకొంటిమా యని ప్రశ్నించుకొనుట మర్యాద.

త్రవ్వుకొనుట లేదనుటకు నిదర్శనము మన వర్తకపు లెక్కలలోనే యున్నది. అల్యూమినియమును తీయుటలో మన దేశము ప్రపంచమున రెండవస్థానమున నున్నది. 2023-24లో సుమారు 41 లక్షల టన్నులు తీసినాము. మంచిదే. కాని అదే సంవత్సరమున 15 లక్షల టన్నులకు మించిన పాత అల్యూమినియమును విదేశములనుండి కొని తెచ్చుకొన్నాము. అమెరికావారు, ఇంగ్లండువారు, గల్ఫుదేశములవారు తమ యిండ్లలో, తమ కార్ఖానాలలో పనికిరాదని పారవేసిన దానిని మనము ధనమిచ్చి ఓడలమీద తెప్పించి కరగించుకొనుచున్నాము. మన చెత్త మన ఊరివెలుపల కుప్పలో కాలుచుండును. పరుల చెత్త మన రేవులో దిగుచుండును. విదేశవస్త్రములను వీథిలో తగులబెట్టిన తరమువారి మనుమలమైన మనము ఈ సంగతికి సిగ్గుపడక తప్పదు.

ఇందులో ఇంకొక విచిత్రము గలదు. ప్రపంచమున అల్యూమినియమును తిరిగి కరగించువారిలో అందఱికంటె పెద్దదని పేరొందిన నోవెలిస్ కంపెనీ 2007నుండి మన భారతీయ కంపెనీయగు హిండాల్కోదే. జర్మనీలోని నాఖ్టెర్‌ష్టెట్ అను చోట వారు 2014లో తెరచిన కార్ఖానా ఏటా నాలుగు లక్షల టన్నుల పాతలోహమును కరగింపగలదు. కాబట్టి లోపము మన తెలివిలో లేదు, ధనములోను లేదు. జర్మనీ గృహస్థు డబ్బాను వేఱుగా నుంచుచున్నాడు; మనము మెతుకులలో కలుపుచున్నాము. అంతయు ఆ యొక్క భేదమున నున్నది.

జర్మనీవాడు మనకంటె ధర్మాత్ముడని దీనికర్థము గాదు. అచ్చట 2003నుండి పానీయపు డబ్బా కొన్నప్పుడే కొంత ధరావతు కట్టవలెను. డబ్బా తిరిగి యిచ్చినప్పుడే ఆ సొమ్ము చేతికి వచ్చును. సొమ్మున్నచోట శ్రద్ధ తానే వచ్చును. బ్రెజిలు దేశము మనవలెనే బీదసాదలు, మురికివాడలు గల దేశము. ఐనను అచ్చట అమ్ముడుపోవు అల్యూమినియపు డబ్బాలలో నూటికి 95కు పైగా అనేక సంవత్సరములుగా తిరిగి కొలిమికి చేరుచున్నవి; ధనికదేశమగు అమెరికాలో సగము గూడ చేరుట లేదు. బ్రెజిలులో ఈ కార్యమును నెఱవేర్చుచున్నవారు చెత్త ఏరుకొని బ్రదుకు పేదలు. వారు సహకారసంఘములుగా చేరి, త్రాసు తమదిగా, ధర తమదిగా చేసికొనిరి. మన పొరుగున నీలగిరిజిల్లాలో 2022లో మద్యపు సీసాకు పది రూపాయలు అదనముగా పుచ్చుకొని, ఖాళీసీసా తెచ్చినవానికి ఆ పది తిరిగి యిచ్చు పద్ధతి పెట్టిరి. కొండదారులలో, ఏనుగులు తిరుగు అడవులలో సీసాలు పగులుట మాన్పవలెనని న్యాయస్థానము చూపిన పట్టుదల దీనికి మూలము. సీసాకు చేయగలిగినది డబ్బాకు చేయలేమా?

ఇక మన యింట నున్నదేమి, దానిలో పనికివచ్చునదేమి యని విచారింతము. గిన్నెలు, కుక్కర్లు, పాలక్యాన్లు, కిటికీ చట్రములు, నిచ్చెనలు, పంకారెక్కలు మొదలైనవి పాతసామానులవాడు ఎట్లును కొనుచున్నాడు. వానినిగూర్చి మనకు చింతలేదు. చింతయెల్ల పలుచనివానిని గూర్చియే. పానీయపు డబ్బా తూకము పదునాలుగు పదునైదు గ్రాములు. డెబ్బది డబ్బాలైనగాని కిలో కాదు. రొట్టె చుట్టు రేకు, కూరపెట్టె, అంతకంటె తేలిక. ఇవన్నియు మంచిలోహమే. కడిగి, ఆరబెట్టి, నలిపి గట్టి ఉండగా చేసినచో చక్కగా కరగును. ఉండగా చేయుట వేడుకకు గాదు: పలుచని రేకును విడిగా కొలిమిలో వేసినచో లోహము చాలవఱకు మాడి చిట్టెమగును, గట్టి ఉండయైనచో నష్టము తగ్గును.

మెఱయునదెల్ల లోహము గాదని కూడ తెలియవలెను. బంగాళాదుంపల వఱుగులు వచ్చు పొట్లములో లోహపుపూత కంటికి మెఱయునుగాని తూకమునకు రాదు, అది ప్లాస్టిక్కే. పరీక్ష సులభము: గుప్పిట నలిపి విడువుడు, నలిగినది నలిగినట్లుండిన రేకు, మరల విచ్చుకొనిన ప్లాస్టిక్కు. పెండ్లిపందిళ్లలో నేడు వేయు వెండిరంగు కాగితపు విస్తళ్లును అట్టివే. పేరు వెండివిస్తరి, అది కొలిమికి పనికిరాదు, ఎరువునకు పనికిరాదు, పశువు నోటబడిన దానికి చేటు. అరటియాకు, మోదుగవిస్తరి పుట్టినగడ్డపై దీనిని తెచ్చి వేసికొనుట మన అవివేకము. పండ్లరసము వచ్చు అట్టపెట్టెలో కాగితము, ప్లాస్టిక్కు, నూటికి అయిదువంతుల అల్యూమినియము కలిసి యుండును; మాత్రల పట్టీలలో లోహము ప్లాస్టిక్కునకంటుకొని యుండును. ఇవి సామాన్యపు కొలిమికి పోరాదు. వానికి వేఱు కార్ఖానాలు కావలెను. వీనిని లోహములో కలిపినచో పొగ, విషవాయువు తప్ప వేఱు ఫలము లేదు.

ఏరుటయే గాదు, వేఱుచేయుటయు ముఖ్యమని పై మాటల తాత్పర్యము. దీనికి చరిత్రలో ఒక పాఠము గలదు. 1940 జులైలో, జర్మను విమానములు మీద పడనున్న దినములలో, ఇంగ్లండున విమానోత్పత్తి మంత్రియగు బీవర్‌బ్రూక్ ప్రభువు గృహిణులను తమ అల్యూమినియపు పాత్రలనిండని కోరెను. వారు గిన్నెలు, కెటిళ్లు కుప్పలుగా తెచ్చి యిచ్చిరి. ప్రజలలో ఉత్సాహము పొంగినది. కాని రకరకముల మిశ్రమములు కలిసిపోయిన ఆ లోహములో అధికభాగము విమానములకు తగిన మేలిరకము కాలేదు. ఉత్సాహము ఒక్కటియే చాలదు. ఏ లోహము ఏ మూసలోనికి పోవలెనో తెలిసినవాడు కావలెను.

ఆ తెలివి లేకపోవుటవలన కలుగు ప్రమాదమునే మేము మొదట సూచించితిమి. పట్టణముల యంచులలో చిన్నచిన్న కొలిమిపాకలు గలవు. అచ్చట వాహనముల యంత్రభాగములు, రంగు పూసిన రేకులు, టంకము అంటిన సామానులు, గిన్నెలు, డబ్బాలు, అన్నియు ఒకే మూసలో పడును. టంకమునందును, కొన్ని రంగులయందును, యంత్రభాగములయందును సీసము గలదు. ఆ కలగూరగంప లోహముతో పోసిన చవుక గిన్నె మరల మన పొయ్యిమీదికే రావచ్చును. పులుపుతగిలినప్పుడు సీసము మెల్లగ పులుసులోనికి దిగును. 2017లో వెలువడిన ఒక పరిశోధనలో పది వర్ధమానదేశములలో దొరకిన 42 పాత్రలను పరీక్షింపగా మూడింట నొకవంతుకు మించిన పాత్రలలో సీసపు ప్రమాదము కనబడెను. 2025లో అమెరికా ఆహారౌషధశాఖవారు మన దేశమున తయారైన కొన్ని అల్యూమినియపు పాత్రలనుండి సీసము ఆహారములోనికి దిగుచున్నదని తమ ప్రజలను హెచ్చరించిరి. సీసము పిల్లల మెదడునకు చేయు హాని మానునది గాదు. ఇంతవఱకైన నిరపాయమనదగిన మోతాదే లేదని వైద్యులందురు. చింతపండు పులుసు, టమాట పప్పు దినదినము వండుకొను ఆంధ్రుల యింటికి ఈ హెచ్చరిక ఇతరులకంటె ఎక్కువ వర్తించును. కాబట్టి గిన్నె కొనునప్పుడు ముద్రయు, తయారుచేసినవాని పేరును లేని పాత్రను చౌకయని కొనవలదని మా మనవి.

ఈ కొలిమిపాకలవారిని దూషించుట మా అభిమతము గాదు. తెల్లవాఱుజామున సంచి భుజాన వేసికొని కుప్పలు వెదకు స్త్రీలు, బాలురు, బండి త్రోయు వృద్ధుడు, పొగలో నిలిచి చిట్టెము తీయు కూలి, వీరే నేటివఱకు ఈ దేశపు లోహమును కాపాడుచున్నవారు. వారికి మనము చేసిన యుపకారము మెతుకులలో, పసిపిల్లల గుడ్డలలో, పగిలిన గాజులో లోహమును కలిపి యిచ్చుట. వారు చేసిన యుపకారము చేతులు కోసికొని దానిని మరల వేఱుచేయుట. ఇంటియొద్ద ఒక్క నిమిషములో కాగల పనికి కుప్పయొద్ద ఒక మనిషి ఆరోగ్యము ఖర్చగుచున్నది. ఈ యన్యాయము ఏ చట్టము లేకయే రేపు ఉదయమునుండి మాన్పగలవారము మనమే.

“పదిగ్రాముల రేకునకు ఇంత ప్రసంగమా?” అని కొందఱు నవ్వవచ్చును. లెక్క చూతము. ఒక కిలో పాతలోహమును కరగించి వాడినచో, క్రొత్తలోహముతో పోల్చిన 13 యూనిట్ల విద్యుత్తు మిగులును. పది వాట్ల దీపమును రాత్రికి నాలుగు గంటలు వెలిగించుకొను బీదయింటికి ఆ 13 యూనిట్లు ఇంచుమించు పదకొండు నెలల వెలుగు. మనము పారవేయు ఒక్కొక్క డబ్బాలో అట్టి యింటి నాలుగు రాత్రుల దీపము గలదు. చుక్కచుక్క చేరియే చెఱువు నిండునని మన రైతులకు వేఱుగా చెప్పనక్కఱలేదు. గండి చిన్నదని ఊరకున్న చెఱువేమగునో గూడ వారెఱుగుదురు.

కర్తవ్య మేమి? మొదటిది గృహస్థునిది. 2016లోనే కేంద్రప్రభుత్వ నియమములు తడిచెత్త, పొడిచెత్త, ప్రమాదకరమైన చెత్త అని ఇంటియొద్దనే వేఱుచేయవలెనని విధించినవి. ఆ పొడిచెత్తలో మఱియొక చిన్నసంచి లోహమునకు ప్రత్యేకింపుడు. వంటింటి గోడకు ఒక మేకు, మేకునకు ఒక సంచి. ఇంతకుమించిన వ్యయము లేదు. నిండినప్పుడు పాతసామానులవానికైనను, పారిశుద్ధ్యపు పనివారికైనను ఇండు. ఆ కొద్దిసొమ్ము మీకక్కఱలేనిచో వారినే ఉంచుకొననిండు.

రెండవది భోజనశాలలవారిది, కల్యాణమండపముల వారిది. ఒక యింటిలో నెలకు చేరు రేకు ఒక మండపమున ఒక్క పూటలో చేరును. వారు పాత్రలు కడుగు చోటనే రేకునకు, డబ్బాలకు వేఱుతొట్టి యుంచినచో టోకుగా లోహము చేరును.

మూడవది పురపాలకసంఘములది, పంచాయతీలది. ఆంధ్రప్రదేశమున ఊరూర “చెత్తనుండి సంపద తయారీ కేంద్రము” అను పలకలతో పాకలు కట్టించిరి; తెలంగాణపల్లెలలోను చెత్త వేఱుచేయు పాకలు లేచినవి. కొన్నిచోట్ల అవి చక్కగా నడచుచున్నవి. కొన్నిచోట్ల తలుపునకు తాళము, ముందట పిచ్చిమొక్కలు కనబడుచున్నవి. పాక కట్టుట సులభము. దానిలో త్రాసునుంచి, లోహము తెచ్చినవానికి అప్పటికప్పుడే ధర చెల్లించి, టోకుగా మంచి కార్ఖానాకు అమ్ముట కార్యము. చెత్త ఏరుకొనువారి సంఘములకే ఆ పాకల నప్పగించినచో తాళములు తామే ఊడును.

నాల్గవది ప్రభుత్వముది. రాగి, అల్యూమినియము మున్నగు లోహముల తిరుగువాడుకకై 2020లో కేంద్రగనులశాఖ ఒక ప్రణాళికను ప్రకటించెను. ఆ మార్గము మంచిదే. వస్తువు చేసి అమ్మినవాడే దాని పాతబడిన లోహమునకు గూడ బాధ్యుడు కావలెనను సూత్రమును పానీయపు డబ్బాలవఱకు గట్టిగ అమలుజరిపి, ధరావతు పద్ధతిని ఒకటి రెండు జిల్లాలలోనైన ప్రారంభింపవలెనని మేము కోరుచున్నాము. కొలిమిపాకలను మూయించుట పరిష్కారము గాదు. వారికి పొగగొట్టమును, లోహపరీక్షయు అందుబాటులోనికి తెచ్చి, వంటపాత్రల లోహము వేఱు, యంత్రముల లోహము వేఱు అను నియమమును నడపించుట పరిష్కారము.

భూవసతిగల పాఠకులకు ఇందు స్వంతలాభము గూడ గలదు. చేలలోని విద్యుత్తీగలను రాత్రివేళ కోసికొనిపోవుట వినుచునే యున్నాము. ఆ తీగలోనిది అధికముగా అల్యూమినియమే. రసీదు లేక, పేరు లేక పాతలోహము కొనువాడున్నంతకాలము తీగలు కోయువాడుండును. పంటకాలమున మోటారు ఆగి రైతు ఏడ్చును. కొన్నవాడు ఎవరివద్ద కొన్నదియు వ్రాసి యుంచు పద్ధతి వచ్చినచో నిజాయితీగల బండివానికి గౌరవము, దొంగకు అడ్డు, రైతునకు రక్ష.

పెద్దలు లోహమును లక్ష్మిగా భావించిరి. గిన్నె పాతబడిన మార్చుకొనిరిగాని, పారవేయుట వారెఱుగరు. ఆ బుద్ధి మనలో చావలేదు. చిల్లిగిన్నెకు పావుగంట బేరమాడు ఇల్లాలియందు అది సజీవముగనే యున్నది. పలుచని రేకుగా, తేలిక డబ్బాగా వేషము మార్చి వచ్చిన అదే లోహమును మనము గుర్తింపలేకపోవుచున్నాము. గుర్తించిన మరుక్షణము చేయి దానంతట అదియే ఆగును. నేటి రాత్రి రొట్టెలు విప్పిన పిమ్మట ఆ రేకును చెత్తబుట్టలో వేయక కడిగి సంచిలో వేయుడని ప్రతి గృహస్థునకును, ప్రతి గృహిణికిని మేము విన్నవించుచున్నాము.